పాటిగడ్డను తవ్వకుండా చదవడం ఎలా

ఊరికి ఆవల, వాగు ఒడ్డునో చెరువు కట్ట దిగువనో, చుట్టుపక్కల పొలాల కన్నా నిలువెత్తు లేచిన గడ్డ ఒకటి మీ ఊరికీ ఉండవచ్చు. మన్ను బూడిదరంగులో ఉంటుంది. అడుగు వేస్తే కుండ పెంకులు చెప్పుల కింద నలుగుతాయి. మా ఉత్తర తెలంగాణలో దాన్ని పాటిగడ్డ అంటాం. కృష్ణా, గుంటూరు వైపు దిబ్బ అనో దిన్నె అనో అంటారు. ఒక పాత ఊరు కూలి, దాని మీద మరో ఊరు లేచి, అదీ కూలి, గోడల మట్టీ పొయ్యి బూడిదా పశువుల పేడా తరతరాలుగా పేరుకుపోయిన చోటు అది. నేను ముప్పై రెండేళ్ళు భూముల కొలతల పనిలో ఉన్నాను. పదవీ విరమణ తరువాత ఈ తొమ్మిదేళ్ళలో పదకొండు పాటిగడ్డలను కొలిచాను. ఒక్క చోట కూడా పలుగు దించలేదు. ఆ పని మీ ఊరి గడ్డ మీద మీరే మొదలుపెట్టగలిగేలా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఒక పాటిగడ్డకు హద్దులు చూపించమంటే గొలుసు పట్టుకుని వెళ్ళాను. దాన్ని చదును చేసి మన్ను తరలించాలని అనుకున్నారు. హద్దులు చూపించి వచ్చేశాను. రెండు వారాల తరువాత అదే దారిన వెళ్తూ చూస్తే గడ్డ సగం లేదు. కోసిన అంచులో, కాల్చిన మట్టి వరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బావి నిలువునా చీలి కనిపించింది. ఆ పూట అది ఏమిటో నాకు తెలియదు. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు ఊళ్ళో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల కాలపు వరల బావులు, ఇటుక బావులు బయటపడ్డాయని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అప్పటికి ఆ గడ్డ స్థానంలో వరి మడి ఉంది. నా పాత పుస్తకంలో దాని హద్దుల కొలతలు మాత్రమే ఉన్నాయి. లోపల ఏ మూలన ఏముందో ఒక్క గీత కూడా ఎవరూ గీయలేదు, నేనూ గీయలేదు. ఆ గీతలు గీయడానికి నాకు అప్పుడు ఒక్క రోజు చాలేది.

పండితులు తవ్వినా తవ్విన పొర తిరిగి రాదు. అమరావతి బౌద్ధ స్తూపం ఉన్న దీపాలదిన్నెను 1797లో కోలిన్ మెకంజీ చూశాడు. అప్పటికే పైనుంచి రాళ్ళు తరలిపోతున్నాయి. ఆయన వృత్తిరీత్యా సర్వేయరు, 1815లో భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మరుసటి ఏడు తన బృందంతో తిరిగి వచ్చి ఆ దిన్నె పటాన్ని, శిల్పాలను కొలిచి గీయించాడు. 1880లో మద్రాసు ప్రభుత్వం ఆ చోటంతా తవ్వించింది. మరుసటి ఏడు పురావస్తు శాఖ అధికారి జేమ్స్ బర్జెస్ వెళ్ళేసరికి అక్కడ మిగిలింది పెద్ద గొయ్యి. మెకంజీ బృందం బొమ్మల్లో ఉన్న రాళ్ళలో ఎన్నో ఈనాడు ఎక్కడా లేవు. వాటి గురించి మనకు తెలిసింది ఆ గీతల వల్లనే.

ముందు మనుషులు, తరువాత మన్ను

మన పల్లెల్లో పాత గడ్డ మీద టేపు పట్టుకుని తిరిగే కొత్త మనిషిని గుప్తనిధుల కోసం వచ్చినవాడనే అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు లేదు. అర్ధరాత్రి పూజలు చేసి గుళ్ళూ గడ్డలూ తవ్విపోయిన ముఠాలను చాలా ఊళ్ళు చూశాయి. అందుకే మొదటి రోజు నేను టేపు తీసుకువెళ్ళను. పట్టాదారు ఇంటికి వెళ్తాను. సర్పంచికీ పంచాయతీ కార్యదర్శికీ ఏం చేయబోతున్నానో ఒక కాగితం మీద రాసి ఇస్తాను, దాని నకలు పోలీసు ఠాణాలో ఇస్తాను. అరిగిన రాళ్ళ ఫొటోలు తప్ప పనంతా పగటి పూటే చేస్తాను, వీలైతే ఆ ఊరి బడి పిల్లలను ఇద్దరు ముగ్గురిని వెంట ఉంచుకుంటాను.

రక్షిత ప్రదేశమని నీలి బోర్డు ఉంటే కేంద్ర లేదా రాష్ట్ర పురావస్తు శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా మేకు కూడా పాతవద్దు. కేంద్ర రక్షణలో ఉన్నచోట 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, రాష్ట్ర రక్షణలో ఉన్నచోట రాష్ట్ర చట్టం వర్తిస్తాయి. బోర్డు లేని గడ్డ మీద కూడా 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. పది రూపాయలకు మించిన విలువగల పాత వస్తువు మట్టిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. మెటల్ డిటెక్టర్‌ను గడ్డ మీదికి తేవద్దని గట్టిగా చెబుతాను. అది కూత పెట్టిన చోట తవ్వకుండా ఉండగల మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

పట్టాదారుతో కూర్చున్న ఆ మొదటి పూట అడగవలసినవి చాలా ఉన్నాయి. నాగలి ఎక్కడ రాయికి తగులుతుంది? వాన వెలిశాక ఏ చోట తొందరగా ఆరుతుంది? ఏ మడిలో పంట ముందుగా పసుపు తిరుగుతుంది? బోరు వేసినప్పుడు మొదటి పది అడుగుల్లో ఏ మన్ను వచ్చింది? పూసలూ గాజు ముక్కలూ పిల్లలు ఎక్కడ ఏరుకునేవారు? ఆ చెలకను ఏ పేరుతో పిలుస్తారు? కోటగడ్డ, బొమ్మలగుట్ట, పాటిమీది చెలక వంటి పేర్లు ఏ ఉపగ్రహం తీసిన బొమ్మలోనూ దొరకవు. ఇవన్నీ రైతు మాటల్లోనే రాసుకోండి. మీ భాషలోకి మార్చకండి. ‘మన్ను పిండిలా ఉంటుంది’ అని రైతు అంటే అలాగే రాయండి.

ఇంట్లో కూర్చుని చేసే పని

గ్రామ నక్షా (ఊరి పొలాల పటం), టిప్పన్లు (ఒక్కో సర్వే నంబరు కొలతల పటాలు) ముందుగా చూస్తాను. ఇది నా వృత్తి నేర్పిన అలవాటు. పొలం హద్దులు సాధారణంగా వాలును, కాలువలను అనుసరిస్తాయి. ఏ కారణమూ లేకుండా నాలుగైదు సర్వే నంబర్ల గట్లు కలిసి ఒక వంపు తిరిగితే, అక్కడ ఒకప్పుడు కందకమో మట్టిగోడో ఉండి ఉండవచ్చు. గోడ కరిగిపోయినా దాని పాదం వెంట నాగలి తిరిగిన దారి గట్టుగా నిలిచిపోతుంది. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోని పాత మట్టి కోట ఆనవాలు నేల మీద చూసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

తరువాత సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు. వాటిలో సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, 20 మీటర్లకు ఒకటి కనుక మన గడ్డ కనిపించదు. వాగులు, పాత దారులు, పాడుబడ్డ ఊళ్ళ పేర్ల కోసం వాటిని చూడాలి. ఆపైన గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు, ఇస్రో వారి పటాల వెబ్‌సైటు భువన్. అన్నిటికన్నా నాకు ఎక్కువ ఉపయోగపడినవి కరోనా చిత్రాలు. వ్యాధికీ వాటికీ సంబంధం లేదు. 1960 నుంచి 1972 వరకు అమెరికా గూఢచార ఉపగ్రహాలు ఫిల్ము మీద తీసిన ఫొటోలవి. 1995లో రహస్య ముద్ర తొలగించారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటులో వెతకవచ్చు. ఇంతకుముందు ఎవరైనా స్కాను చేయించిన చిత్రాలు ఉచితం. మంచి చిత్రాల్లో రెండు మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది. మా వైపు శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు రాకముందు నేల ఎలా ఉండేదో వాటిలో చూడవచ్చు. మడులుగా కోసి చదును చేయని గడ్డలు అందులో ఇంకా పూర్తి ఆకారంలో ఉన్నాయి. నేను కొలిచిన పదకొండింటిలో నాలుగు ఈనాడు సగం కన్నా తక్కువ మిగిలాయని అలాగే తెలిసింది.

పైనుంచి చూసేటప్పుడు మూడు రకాల గుర్తుల కోసం వెతకండి. దుక్కి దున్నిన నేలలో రంగు మార్పు మొదటిది. ఎర్ర చెలక నడుమ బూడిదరంగు మచ్చ కనిపిస్తే ఆగి చూడాలి. ఏటవాలు ఎండలో పడే నీడలు రెండోది. మూడోది పంట ఎదుగుదలలో తేడా. మట్టి కింద రాతి గోడ ఉంటే వేళ్ళకు తేమ అందక పైరు పొట్టిగా ఉండి ముందే పండుబారుతుంది. పూడిన కందకం మీద తేమ ఎక్కువగా నిలిచి పైరు ఏపుగా, ఆలస్యంగా పచ్చగా ఉంటుంది. పూర్తిగా తడి పారే వరిలో, మొక్కజొన్నలో ఈ తేడా తెలియదు. నీళ్ళు పెట్టకుండా నేల తేమ మీదే పండించే యాసంగి జొన్నలో తెలుస్తుంది. కనుక డిసెంబరు, జనవరి నెలల చిత్రాలను ముందు తెరవండి.

ఎప్పుడు వెళ్ళాలి

నేల మీద పెంకులు లెక్కపెట్టడానికి ఏడాదిలో అసలైన సమయం ఒక వారం పది రోజులే ఉంటుంది. వేసవి దుక్కులు అయి, రోహిణి కార్తె చివరనో మృగశిర మొదటనో ఒక గట్టి వాన పడి, విత్తనం వేయకముందు. దుక్కి పెంకులను పైకి తెస్తుంది, వాన వాటి ముఖం కడుగుతుంది. అంతకుముందు వెళ్తే అంతా దుమ్ము. తరువాత వెళ్తే పత్తి మొలకలు తొక్కి రైతును నష్టపెడతాం. ఎత్తులు కొలవడానికీ నీడలు చూడటానికీ చలికాలపు ఉదయం మంచిది, పొద్దు పొడిచిన గంటలోపు.

గుంట లెక్క

పురావస్తు పాఠాల్లో పది మీటర్ల చదరపు గడులుగా నేలను విభజించమని చెబుతారు. మా పాత నిజాం ప్రాంతపు కొలత గొలుసు 33 అడుగులు, దానికి పదహారు అణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు అయితే ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. 33 అడుగులంటే పది మీటర్ల మీద ఆరు సెంటీమీటర్లు. అంటే శాస్త్రం అడిగే గడి మా రైతు నోట్లో ఎప్పటి నుంచో ఉన్న గుంటే. ఈ సంగతి గ్రహించిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. ‘మీ గడ్డ మీద ఆరో గుంటలో పెంకులు ఎక్కువగా ఉన్నాయి’ అంటే రైతుకు విడమరిచి చెప్పనక్కరలేదు. నేను పటం మీటర్లలోనే గీస్తాను, మాటల్లో మాత్రం గుంట అంటాను.

గడి వేయడానికి ముందు గడ్డ పక్కనే కదలని ఆధారాలు రెండు కావాలి. హద్దురాయి, బోరు కేసింగు, గుడి మూల వంటివి. రెండిటి మధ్య దూరం రెండుసార్లు కొలిచి రాసుకోండి. ఫోనులోని జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్ల వరకు తప్పు చూపిస్తుంది. గడ్డ ఏ ఊళ్ళో ఉందో చెప్పడానికి అది సరిపోతుంది, ఒక గుంట మూల ఎక్కడో చెప్పడానికి సరిపోదు. ఆధార రేఖ నుంచి లంబం తీయడానికి మేస్త్రీల పద్ధతే చాలు. ఆరు, ఎనిమిది, పది మీటర్ల త్రిభుజం కడితే మూలమట్టం వస్తుంది. ప్రతి గడికి కర్ణం కొలవండి, 14 మీటర్ల 14 సెంటీమీటర్లు రావాలి. వాలు మీద టేపును నేలకు ఆనించకుండా మట్టంగా పట్టి, చివర నుంచి లంబగుండు వేలాడదీసి చుక్క పెట్టాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. గడ్డ అంచు నిటారుగా ఉన్నచోట టేపును వాలు వెంట లాగితే పది గడులు దాటేసరికి ఒక మీటరు దాకా తేడా వస్తుంది. మేకులు వెదురువే వాడండి, అరచేయి లోతు దిగితే చాలు. ఇనుప మేకులు వద్దనడానికి కారణం తరువాత చెబుతాను.

వరుసలకు అ, ఆ, ఇ, ఈ అని, నిలువు పట్టీలకు 1, 2, 3 అని పేర్లు పెడతాను. ‘ఇ-7’ అంటే ఒకటే గుంట. ప్రతి గుంటలో ఇద్దరం ఒకరి పక్కన ఒకరు, రెండున్నర మీటర్ల ఎడంతో, వెళ్ళేటప్పుడు ఒక సారి వచ్చేటప్పుడు ఒక సారి నడుస్తాం. ఎనిమిది నిమిషాలు, అన్ని గుంటలకూ అంతే. పెంకులు ఎక్కువున్న చోట కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. గడియారం చూసుకుని కదలకపోతే బాగున్న చోట ఎక్కువ వెతికి ఎక్కువ దొరికిందని మనల్ని మనమే మోసం చేసుకుంటాం. అయిదెకరాల గడ్డకు 200 గుంటలు, 1600 నిమిషాలు. రోజుకు ఐదు గంటల చొప్పున ఆరు రోజుల పని.

ఏదీ ఎత్తి సంచిలో వేయకండి. లెక్కపెట్టి, అవసరమైనదాన్ని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఉన్నచోటే ఉంచండి. తలా ఒకటి తీసుకుపోతే, తరువాత వచ్చే అసలైన నిపుణుడికి గడ్డ అబద్ధం చెబుతుంది. నేను రాసుకునేవి ఇవి: మామూలు పెంకులు ఎన్ని, అంచులూ మూతులూ ఎన్ని, లోపల నలుపు బయట ఎరుపుగా ఉన్నవి ఎన్ని, ఇటుక ముక్కలు, శంఖు గాజుల ముక్కలు, పూసలు, నూరుడు రాళ్ళు, ఇనుప చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన ముద్దలు). నలుపు ఎరుపు పెంకులు ఇనుప యుగపు రాక్షసగుళ్ళ (పెద్ద రాళ్ళతో కట్టిన సమాధుల) కాలం నుంచి శాతవాహనుల కాలం దాకా వస్తాయి కనుక ఒక్క పెంకుతో కాలం తేల్చకండి. మూరెడు పొడవు, జానెడు వెడల్పు ఇటుక పూర్తిగా కనిపిస్తే మాత్రం మూడు కొలతలూ మిల్లీమీటర్లలో రాయండి. తొలి చారిత్రక యుగపు ఇటుకలు ఈనాటి ఇటుకల కన్నా చాలా పెద్దవి.

దీనితోపాటు ప్రతి గుంటకూ నేల ఎంత కనిపిస్తోందో అణాల్లో రాస్తాను. దున్నిన చోట పదహారణాలు, గడ్డి ఉంటే ఎనిమిది, తుమ్మ కంప కమ్మితే రెండు. ఈ అంకె లేకుండా పెంకుల లెక్కకు విలువ లేదు. కంప కింద పెంకులు కనిపించలేదంటే లేవని కాదు. పటాలు రెండు గీయండి, ఒకటి లెక్కలతో, మరొకటి అణాలతో. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

మోసపోయిన చోటు

ఒకసారి పాటిగడ్డకు కిలోమీటరున్నర దూరంలో, చదునైన పొలంలో, గుంటకు వందల కొద్దీ పెంకులు కనిపించాయి. మరో పాత ఊరు దొరికిందని పటం మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను, ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా. పది రోజుల తరువాత ఆ పొలం రైతు తల్లి, ఎనభై దాటిన ఆవిడ, ‘ఆ మన్ను మేము బండ్లతో తోలిందే అయ్యా’ అని చెప్పింది. పాటిమన్ను మంచి ఎరువు. ట్రాక్టర్లు రాకముందు నుంచి ఎండాకాలంలో బండ్ల మీద తోలి పొలాల్లో చల్లుకునేవారు. మన్నుతో పాటు పెంకులూ పూసలూ వెళ్ళాయి. ఆ ఎర్ర గుర్తును నేను కొట్టివేయలేదు. పక్కనే ‘తోలిన మన్ను’ అని, చెప్పిన తేదీ వేసి రాశాను. ఎంత దూరం తోలారో తెలిస్తే గడ్డలో ఎంత పోయిందో లెక్క కట్టవచ్చు.

తోలిన మన్నును గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉంది. అసలు ఊరి చోట పెంకులు పెద్దవీ చిన్నవీ కలిసి, పదునైన అంచులతో, నూరుడు రాళ్ళూ ఇటుకలూ వంటి బరువైన వాటితో ఉంటాయి. తోలిన చోట పెంకులన్నీ చిన్నవి, అంచులు అరిగి, పొలం గట్టు దగ్గర ఠక్కున ఆగిపోతాయి. పాత ఊరికి ఈనాటి పట్టాదారు గట్టు తెలియదు కదా. అలాగే గడ్డ దిగువ వాలులో ఎక్కువ పెంకులు కనిపిస్తే వాన కొట్టుకొచ్చినవేమో చూడాలి. దానికి ఎత్తులు కావాలి.

ఎత్తులు, ఫొటోలు

ఎత్తులు కొలిచే డంపీ లెవెల్ పరికరం అద్దెకు దొరికితే మంచిది. దొరకకపోతే మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు, ఒక కొలబద్ద చాలు. ప్రతి గుంట నాలుగు మూలలా ఎత్తు తీసుకోండి. సాయంత్రం మొదలుపెట్టిన చుక్క దగ్గరికే తిరిగి వచ్చి మళ్ళీ కొలవండి. తేడా రెండు సెంటీమీటర్లు దాటితే ఆ రోజు పని మళ్ళీ చేయండి. పాతిక సెంటీమీటర్లకు ఒక సమోన్నత రేఖ గీస్తే కంటికి కనిపించని పల్లాలు బయటపడతాయి. ఒక చోట నడుస్తున్నప్పుడు ఏ తేడా తెలియని నేల మీద, పటంలో, గడ్డ చుట్టూ పడమర వైపు అర్ధచంద్రాకారంలో నలభై సెంటీమీటర్ల పల్లం వచ్చింది. గ్రామ నక్షాలో గట్లు వంపు తిరిగింది సరిగ్గా అక్కడే.

డ్రోను ఉన్నవారు ముందు 2021 డ్రోను నిబంధనల పటంలో ఆ చోటు ఏ రంగు మండలంలో ఉందో చూసుకోవాలి. నలభై మీటర్ల ఎత్తులో, ఒక ఫొటోకూ మరోదానికీ ముప్పావు వంతు కలిసేలా తీస్తే, వెబ్‌ఓడీఎం వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎత్తుల పటం తయారవుతుంది. పైరు, కంప ఉన్నచోట అది నేల ఎత్తు కాదు, ఆకుల ఎత్తు. డ్రోను లేనివారికి నష్టమేమీ లేదు.

వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), నిలువురాళ్ళు, శాసనాలు ఉంటే వాటి మీద సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, నూనె రాయడం మానండి. రాయి చుట్టూ అడుగడుగుకీ ఒక ఫొటో, మూడు ఎత్తుల్లో, మబ్బు పట్టిన పూట తీయండి. అక్షరాలు అరిగిపోతే చీకటి పడ్డాక టార్చిలైటును రాయికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టి, ఎనిమిది దిక్కుల నుంచి వెలుగు వేసి, కెమెరా కదపకుండా ఒక్కొక్క ఫొటో తీయండి. పగలు నాలుగు అక్షరాలు కనిపించిన రాయి మీద నాకు అలా రెండు పూర్తి పంక్తులు కనిపించాయి.

యంత్రాలు వస్తే

యంత్రాలు మన చేతిలో ఉండవు. విశ్వవిద్యాలయాల భూభౌతిక విభాగాలను అడగాలి. ఉస్మానియాలో, ఆంధ్రలో ఆ విభాగాలు ఉన్నాయి. మీ దగ్గర గుంటల పటం, పెంకుల లెక్క సిద్ధంగా ఉంటే వారు వినడానికి ఒక కారణం ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో మీరే చూపించగలరు.

మాగ్నెటోమీటర్ నేల అయస్కాంతత్వంలో చిన్న తేడాలను కొలుస్తుంది. ఆ బలాన్ని నానోటెస్లాల్లో కొలుస్తారు. భూమి అయస్కాంత బలం మన దగ్గర నలభై వేల నానోటెస్లాల పైచిలుకు. పూడిన గుంత దానికి కలిపేది రెండు మూడు, కాలిన కొలిమి కలిపేది పదులు. 1958లో ఇంగ్లండులో మార్టిన్ ఐట్కిన్ మొదటిసారి ఇలా ఒక కుమ్మరి ఆవాన్ని పట్టుకున్నాడు. ఇంత సున్నితమైన కొలత కనుకనే వెదురు మేకులు వాడమన్నాను. యంత్రం పట్టుకున్న మనిషి బెల్టు బకిలు, తాళం చెవులు, ఫోను, చెప్పుల్లోని మేకులు అన్నీ దూరంగా వదలాలి. ట్రాన్స్‌ఫార్మర్, ముళ్ళకంచె దగ్గర ఉన్న గుంటలను వదిలేయాలి. మేము కొలిచిన ఒక గడ్డ మీద యంత్రం ఇచ్చిన పటంలో నిట్టనిలువుగా బలమైన గీత వచ్చింది. గోడ అనుకున్నారు. పట్టాదారు చూసి, తన తండ్రి మోటబావి దగ్గర నుంచి వేయించిన ఇనుప పైపు అది అన్నాడు.

విదేశీ పుస్తకాల్లోని బొమ్మలతో మన పటాలను పోల్చేవారు ఒక విషయం గమనించాలి. స్వేచ్ఛగా తిరిగే అయస్కాంత సూది బ్రిటన్‌లో 65 డిగ్రీలకు మించి నేల వైపు వాలుతుంది. మన దగ్గర ఇరవై డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. అందువల్ల అక్కడ గుంత ఉన్నచోటే నల్ల చుక్క కనిపిస్తే, మన పటంలో అదే గుంత దక్షిణాన ఎక్కువ, ఉత్తరాన తక్కువ అని జంటగా కనిపిస్తుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న గోడ తూర్పు పడమరల గోడ కన్నా చాలా మసకగా వస్తుంది. ఒక దిక్కు గోడలే కనిపించాయని ఆ ఊరు సగం కట్టారని అనుకోకూడదు.

విద్యుత్ నిరోధం కొలిచే యంత్రాన్ని చూడగానే ఊరివాళ్ళు బోరు పాయింటు చూస్తున్నారా అని అడుగుతారు. రెండూ ఒకే సూత్రం. కరెంటు తడి మట్టిలో సులువుగా, రాతిలో కష్టంగా వెళ్తుంది. గోడల కోసం అర మీటరు ఎడంలో రెండు కడ్డీలు కదుపుతూ, మిగతా రెండిటిని పదిహేను మీటర్ల దూరాన స్థిరంగా ఉంచుతారు. కడ్డీలు నాలుగు వేళ్ళ లోతు దిగుతాయి, అంతకు మించి నేలకు హాని లేదు. మీటరుకు ఒక కొలత తీస్తే నాలుగు గుంటలకు 400 కొలతలు. ఎండాకాలంలో పై మట్టి ఎండి కరెంటు దిగదు, వానాకాలంలో అంతా తడి. స్వాతి కార్తె దాటి డిసెంబరు వరకు దీనికి సరైన కాలం.

నేలలోకి రేడియో తరంగాలు పంపి లోపలి తేడాలను చూపే రాడార్ యంత్రం పేరు పత్రికల్లో ఎక్కువగా వినిపిస్తుంది కనుక అందరూ దాన్నే అడుగుతారు. ఎర్ర ఇసుక చెలకల్లో, ఏటి ఒడ్డు ఇసుకలో అది మంచి పటం ఇస్తుంది. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాతో పొడి నేలలో నిలువెత్తు లోతు దాకా చూడవచ్చు. నల్లరేగడిలోని జిగురు మట్టి ఆ తరంగాలను మింగేస్తుంది, మోకాలి లోతు దాటడం కష్టం. వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరాయి ఉన్నచోట మాగ్నెటోమీటర్‌కు కూడా ఇబ్బందే, ఆ రాళ్ళకే సొంత అయస్కాంతత్వం బలంగా ఉంటుంది. కనుక యంత్రాన్ని ఎంచుకోవలసింది మట్టిని చూసి.

మేము కొలిచిన ఒక గడ్డ ఆగ్నేయ మూలన ఆరు గుంటల్లో చిట్టెం మిగతా అన్ని గుంటల కన్నా పది రెట్లు ఎక్కువగా లెక్కకు వచ్చింది. యంత్రం వచ్చినప్పుడు అక్కడ మూడు బలమైన మచ్చలు కనిపించాయి. ‘ఇనుము కరిగించిన కొలుములు ఉండవచ్చు’ అని రాశాం. ఉన్నాయని రాయలేదు. ఒక పద్ధతి చూపించినదాన్ని ఇంకొకటి బలపరిస్తే ‘ఉండవచ్చు’ అని, ఒక్కటే చూపిస్తే ‘చూడాలి’ అని రాయడం మా అలవాటు.

పటం ఎవరి దగ్గర ఉండాలి

గడ్డ ఖచ్చితమైన స్థానాన్ని ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ సమూహాల్లోనో పెట్టకండి. పూస ఫొటో పెట్టి కింద ఊరి పేరు రాస్తే, ఆ వారంలోనే పలుగు వస్తుంది. పటం నకళ్ళు నాలుగు చేయండి. ఒకటి రాష్ట్ర వారసత్వ శాఖకు రసీదుతో, ఒకటి దగ్గరి విశ్వవిద్యాలయ చరిత్ర విభాగానికి, ఒకటి ఊరి బడికి. నాలుగోది పట్టాదారుకు. ఆయనకు ఇచ్చేటప్పుడు కూర్చోబెట్టి గుంట గుంటా చూపించండి. నేను మొదటి పటం ఇచ్చిన రైతు ఆ ఏడు మన్ను అడగడానికి వచ్చిన ట్రాక్టరు యజమానికి పటం తెరిచి, ఎక్కడ ముట్టుకోకూడదో వేలితో చూపించాడు. ఆయన ఇచ్చింది ఈ-2 నుంచి ఈ-5 వరకు ఉన్న నాలుగు గుంటల మన్ను మాత్రమే. అవి మా లెక్కలో దాదాపు ఖాళీగా వచ్చినవి.

పటం మీద ఉత్తరం గుర్తు, కొలిచిన తేదీలు, కొలిచినవారి పేర్లు, ఆధార రాళ్ళ మధ్య దూరం తప్పక ఉండాలి. వచ్చే ఏడు మృగశిరకు అవే రాళ్ళ నుంచి అవే గుంటలు మళ్ళీ కట్టి, అంచు గుంటల ఎత్తులు మాత్రం కొలవండి. అరరోజు పని. గడ్డ ఎటు వైపు నుంచి ఎంత తగ్గుతోందో ఆ అంకెలు చెబుతాయి.